కుళాయి పరీక్ష

మనుషుల్ని అంతరిక్ష విహారానికి తీసుకెళ్తామంటూ కొత్తగా పుట్టుకొచ్చే కంపెనీల జాతకం చెప్పడం ఒక మహానుభావుడి ఉద్యోగం. పెట్టుబడి పెట్టేవాళ్లు ఆయన మాట కోసం కాచుక్కూర్చుంటారు. పొట్ట మీద బొత్తాలు బిగిసిన చొక్కా, చెవి వెనక పెన్సిలు. ఏ కంపెనీకి వెళ్లినా రాకెట్ వైపు కన్నెత్తి చూడడు. తెర మీద భూగోళం గిర్రున తిరుగుతుంటే హాయిగా ఆవలిస్తాడు. తర్వాత "బాత్రూం ఎటండీ?" అంటూ లేచి వెళ్లి, కుళాయి గట్టిగా కట్టేసి, చేతిగడియారం చూస్తూ రెండు నిమిషాలు నిలబడతాడు. చుక్క రాలిందా, ఆ కంపెనీ పని అయిపోయినట్టే. "నీళ్లు ఆపలేనివాళ్లు ఇంధనం ఏం ఆపుతారండీ?" అంటాడు. అలా పదకొండు రాకెట్లను బాత్రూంలోనే కూల్చాడు.

మొన్న ఆ పదకొండో కంపెనీ యజమానురాలు, కుళాయి మార్పించానని చెప్పడానికి ఏకంగా ఆయన ఇంటికే వచ్చింది. హాలు మూలనున్న వాష్‌బేసిన్‌లో చేతులు కడుక్కుని, కుళాయి కట్టేసి, గడియారం చూస్తూ నిలబడింది. చుక్క రాలింది. ఇంకో చుక్క రాలింది. ఆయన దగ్గి, టీవీ శబ్దం పెంచాడు.

ఆయన భార్య తువ్వాలు అందిస్తూ అంది: "నేను కాపురానికొచ్చినప్పటి నుంచీ అంతేనమ్మా. పెళ్లికి ముందు మా నాన్న ఈయన చదువు చూశాడు, జీతం చూశాడు. కుళాయి ఒక్కటే చూడలేదు."