నిమిషం పట్టే కీర్తన

నందిగామలో మా వీధి చివరి క్లినిక్‌లో మొన్న సోమవారం ఒక అమ్మాయి నా వేలికి చిన్న క్లిప్పు తగిలించింది. చల్లగా ఉంది. లోపల ఎర్రటి వెలుగు, పక్కన టిక్కు టిక్కుమని సన్నటి చప్పుడు. పది సెకన్లు కూడా కాకముందే అంకె వచ్చేసింది, డెబ్బై ఎనిమిది. క్లిప్పు తీసేశాక నేను మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించుకుని గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. "మిషన్ చెప్పేసింది కదా మామ్మగారూ, మళ్లీ మీరెందుకు?" అంది ఆ అమ్మాయి. "ఒక్క నిమిషం ఉండమ్మా" అన్నాను. డెబ్బై తొమ్మిది వచ్చింది. మిషన్‌ను తప్పుపట్టాలని కాదు. వేళ్ల కింద నాడి కొట్టుకుంటుంటే సెకన్ల ముల్లు చూడకుండా ఉండటం నాకు చేతకాదు. అలా చూడటం నాకు నేర్పింది ఎస్తేరమ్మ సిస్టరుగారు. ఆవిడ పోయి నలభై ఏళ్లు దాటింది. నా దగ్గర ఆవిడ ఫొటో ఒక్కటి కూడా లేదు. అందుకని రాసి పెడుతున్నాను.

నేను జగ్గయ్యపేటలో చర్చివాళ్లు నడిపే ముప్పై మంచాల ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకోవడానికి చేరింది 1973 జూలై 9, సోమవారం. నా పేరు సువార్త, అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. మాది చిల్లకల్లు పక్కన పేట. పదో తరగతి మూడోసారికి గట్టెక్కాను, లెక్కల్లో ముప్పై ఐదు. ఆ రోజు చేరింది ఆరుగురం. ఎస్తేరమ్మ సిస్టరుగారు వరండాలో మమ్మల్ని వరసగా నిలబెట్టారు. అక్కడి నర్సులందరికీ పెద్ద ఆవిడే. యాభై ఏళ్ల మనిషి, పొట్టిగా, బిగించి దువ్విన జుట్టు, గంజి పెట్టిన తెల్లచీర. గొంతు ఎప్పుడూ పెంచేవారు కాదు. ఆ గొంతుకు నేను భయపడినట్టు అరిచేవాళ్లకు కూడా భయపడలేదు. "సెకన్ల ముల్లున్న వాచీ ఉందా?" అని ఒక్కొక్కళ్లనూ అడిగారు. నా ముందు ఐదుగురూ చెయ్యి చాపి చూపించారు. నా వంతు వచ్చింది. "ఉందండి. ఇంట్లో మర్చిపోయాను, తెచ్చుకుంటాను" అన్నాను. మా ఇంట్లో గడియారం అనేదే లేదు. లేదని చెబితే ఆసుపత్రి వాచీ ఇస్తారని నాకు తెలియదు. తెలిసినా అడిగేదాన్ని కాదేమో. లేనివన్నీ ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోతే ఇంకెందుకు వచ్చావని పంపేస్తారనుకున్నాను.

పొద్దున పావు తక్కువ ఆరుకు ప్రార్థన. రోజుకొకరు బైబిలులో ఒక భాగం చదవాలి. నేను తడబడేదాన్ని. పొడుగు పేర్లు వచ్చినచోట నాలుక మడతపడేది. విమల అని నాతో చేరిన అమ్మాయి, నూజివీడు పిల్ల, చురుకైనది, అందరి ముందూ అనేది. "సువార్త చదివే రోజు మనం ఆమేన్ అనేసరికి ఇడ్లీలు చల్లారిపోతాయే." అందరూ నవ్వేవాళ్లు. సిస్టరుగారు నవ్వేవారు కాదు, నన్ను వెనకేసుకొచ్చేవారూ కాదు. "మళ్లీ చదువు" అనేవారు, అంతే. మళ్లీ తప్పితే "మళ్లీ." నా చెవులు వేడెక్కేవి. ఆ మాట నన్ను అవమానించడానికే అంటున్నారని పదమూడు నెలలు నమ్మాను.

వాచీ సంగతికి వస్తాను. నాడి నిమిషంపాటు లెక్కపెట్టాలి. నిమిషం ఎంతో నాకు చెప్పేదేది? అప్పుడు బైబిలులో 'యెహోవా నా కాపరి' అని మొదలయ్యే ఇరవై మూడో కీర్తన గుర్తొచ్చింది. మా పేటలో చిన్నప్పటి నుంచి నాకు తడుముకోకుండా వచ్చిన వాక్యం అదొక్కటే. వరండాలో పెద్ద గడియారం ఉండేది. దాని ముందు ఊడుస్తున్నట్టు నిలబడి మనసులో నిదానంగా కీర్తన చదివి చూసుకున్నాను. ఏడు రోజులు చూశాను. ప్రతిసారీ నిమిషానికి రెండు సెకన్లు అటో ఇటో. ఇక ధైర్యం వచ్చింది. కుడిచేతి వేళ్లు రోగి మణికట్టు మీద, మనసులో కీర్తన, ఎడమచేతి బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల కణుపుల మీద నడుస్తూ ఉండేది. నాలుగు వేళ్లకు పన్నెండు కణుపులు, ఒక చుట్టు. ఆరు చుట్లయితే డెబ్బై రెండు. మణికట్టు కనపడకుండా ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్టు వేసుకునేదాన్ని. ఎవరైనా అడిగితే వాచీ రిపేరుకిచ్చానని చెప్పేదాన్ని. దేవుడే నాకు దారి చూపించాడని మురిసిపోయాను కూడా.

1974 ఆగస్టు 13, మంగళవారం. తిరుపతమ్మ అనే రైతుల ఇంటి కోడలికి ఆ ఉదయం తొలి కాన్పయింది, ఆడపిల్ల. మధ్యాహ్నం రెండింటికి సిస్టరుగారు నన్ను ఆవిడ మంచం దగ్గర కూర్చోబెట్టారు. "పావుగంటకోసారి పల్స్ చూసి చార్టులో రాయి. వంద దాటితే పరిగెత్తుకురా" అన్నారు. రెండింటికి ఎనభై నాలుగు రాశాను. రెండుంబావుకు ఎనభై ఆరు. తిరుపతమ్మ అత్తగారు మంచం కాళ్ల దగ్గర పీట వేసుకుని కూర్చుని ఉంది. "ఏమ్మాయ్, మా కోడలి పెదాలు తెల్లబడుతున్నాయి, చూశావా?" అంది. చూశాను. నుదుటి మీద చెమట కూడా చూశాను. బట్టల మీద రక్తం ఎక్కువ లేదు. సిస్టరుగారిని పిలవనా అనుకున్నాను. అంకె వంద దాటలేదు, ఊరికే పిలిస్తే ఈ మాత్రం తెలియదా అంటారని ఆగిపోయాను. రెండున్నరకు మళ్లీ చూశాను. నా గుండె దడదడలాడుతోంది. ఏడు చుట్లు, మీద నాలుగు కణుపులు. ఎనభై ఎనిమిది రాశాను.

రెండు నలభైకి సిస్టరుగారు అటు వెళుతూ ఆగారు. చార్టు చూశారు, తిరుపతమ్మ ముఖం చూశారు. మణికట్టు పట్టుకుని తన వాచీ వైపు చూశారు. అర నిమిషం. చెయ్యి వదిలి పొట్ట మీద నొక్కి చూసి, "డాక్టరుగారిని పిలు. పరిగెత్తు" అన్నారు. గర్భసంచి ముడుచుకోక రక్తం లోపలే నిండుతోంది. డాక్టరుగారు వచ్చారు, ఇంజెక్షన్లు, సెలైన్. మరిది రక్తం సరిపోతే ఎక్కించారు. నేను బేసిన్లు మోస్తూ, చెప్పినవి అందిస్తూ తిరిగాను. ఆ మనిషి బతుకుతుందో లేదో సాయంత్రం ఆరున్నర దాకా ఎవరికీ తెలియదు. అప్పటికి నాడి నూట పదికి దిగింది. డాక్టరుగారు కుర్చీలో కూలబడి మంచినీళ్లడిగారు.

సిస్టరుగారు నన్ను గుడ్డలు ఉడికించే గదిలోకి తీసుకెళ్లారు. "నీ వాచీ ఏది?"

"లేదండి."

"ఎప్పటి నుంచి?"

"ఎప్పుడూ లేదండి."

"మరి ఎలా లెక్కపెట్టావు?"

చెప్పాను. ఆవిడ వాచీ కనపడేలా తన మణికట్టు పైకెత్తి పట్టుకున్నారు. "చదువు, పైకి." రక్తం మరకల చీరతో నిలబడి కీర్తన చదివాను. చివరి మాట అయ్యాక ఆవిడ చెయ్యి దించారు. "నలభై సెకన్లు. నువ్వు భయపడితే కీర్తన పరిగెత్తుతోంది. నలభై సెకన్లకు ఎనభై ఎనిమిదయితే నిమిషానికెంత?" ఆవిడే చెప్పారు. "నూట ముప్పై రెండు. నా వాచీకీ అంతే వచ్చింది." మళ్లీ వార్డులోకి వెళ్లిపోయారు.

మర్నాడు తెల్లవారి మొదటి బస్సుకు ఎవరికీ చెప్పకుండా నందిగామ వెళ్లిపోయాను. మా పిన్ని అక్కడ బస్టాండు పక్కన ఆకుకూరలు అమ్మేది. తోటకూర కట్టలు కడుతూ ఆమె పక్కన కూర్చున్నాను. పదమూడు నెలలు, రోజుకు ఇరవై మంది అనుకుంటే ఏడున్నర వేలకు పైన నాడులు. అందులో ఎన్ని తప్పు రాశానో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ లెక్క వేసుకుంటూ బైబిలు తెరవడం మానేశాను. ఆ కీర్తనలో మొదటి మాట తలుచుకుంటేనే తిరుపతమ్మ పెదాలు కనిపించేవి. నాకు చేతనైనది అదొక్కటే అనుకుంటే, దానితోనే ఒక మనిషిని చంపబోయాను. నాలాంటిదాన్ని దేవుడు ఎందుకు పుట్టించాడా అనుకున్నాను.

తొమ్మిదో రోజు, గురువారం, మా ఇంట్లో అడిగి తెలుసుకుని సిస్టరుగారు గొడుగు వేసుకుని బస్సు దిగారు. పిన్ని గోనెసంచి దులిపి పరిచింది. ఆవిడ కూర్చున్నారు. "మా పిల్ల మొద్దండీ, తీసుకెళ్లి ఏం చేసుకుంటారు?" అంది పిన్ని. "మొద్దో కాదో చూసుకుంటాంలే అమ్మా, కట్ట బాగా కడుతోందిగా" అన్నారు ఆవిడ. తర్వాత నా వైపు తిరిగారు.

"తిరుపతమ్మ లేచి కూర్చుంది. పాలిస్తోంది."

నేను తల ఎత్తలేదు. "నాకు రాదండి. ఈ పని నాకు పనికిరాదు. డాక్టరుగారు కూడా వద్దనే ఉంటారు."

"అన్నారు. నీకు రానిది వచ్చని చెప్పినందుకు వద్దన్నారు." ఆవిడ గొడుగు మడిచి పక్కన పెట్టారు. "మోషే నాకు నోరు తిరగదని దేవుడితో చెప్పాడు. చెప్పాడా లేదా?"

"చెప్పాడండి."

"దేవుడికి కోపం వచ్చింది. వచ్చినా పంపెయ్యలేదు. మాట వచ్చిన అన్నను తెచ్చి పక్కన నిలబెట్టాడు. మోషే చెప్పుకున్నాడు కాబట్టి. నువ్వు మాకు చెప్పుకోలేదు, దేవుడికీ చెప్పుకోలేదు. అవునా?"

అది నిజం. పదమూడు నెలల్లో ఒక్క రోజు కూడా నా ప్రార్థనలో వాచీ లేదన్న మాట లేదు. దేవుడి ముందు కూడా పొడుగు చేతుల జాకెట్టే వేసుకున్నాను.

ఆవిడ గొంతు తగ్గించి, నేను అంతవరకు వినని సంగతి చెప్పారు. నేర్చుకునే రోజుల్లో ఆవిడకు సీసాల మీద ఇంగ్లీషు చదవడం రాదట. అడగడానికి సిగ్గుపడి రంగును బట్టి గుర్తుపెట్టుకునేవారట. ఒకరోజు కొత్త సీసాలు వచ్చాయి, వేరే రంగువి. "అప్పుడు జరిగింది రోజూ ప్రార్థనలో చెప్పుకుంటాను" అన్నారు. ఆ రోగి ఏమయ్యాడని నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. తోటకూర కట్ట ఒకటి తీసుకుని చూసి, మళ్లీ పెట్టేసి, "వస్తే ఇప్పుడే రావాలి. వచ్చి తిరుపతమ్మకీ వాళ్ల అత్తగారికీ నీ నోటితో నువ్వే చెప్పాలి. అలా అయితేనే నిన్ను మళ్లీ తీసుకుంటానన్నారు డాక్టరుగారు. చెప్పలేనంటే ఇక్కడే ఉండు" అన్నారు.

తోటకూర పిన్నికి అప్పజెప్పి ఆవిడ వెనకే బస్సెక్కాను. జగ్గయ్యపేటలో దిగేటప్పుడు ఆవిడ అన్నారు. "కీర్తన గడియారం కాదమ్మాయ్. లెక్కకు ముందు చదువుకో, చెయ్యి నిలబడుతుంది. లెక్కలోకి తేవద్దు."

వార్డులో తిరుపతమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. అత్తగారు పసిదానికి గుడ్డ మారుస్తోంది. మంచం దగ్గర నిలబడ్డాను. "పెద్దమ్మగారూ, ఆ రోజు నాకు వాచీ లేదు. లేదని చెప్పకుండా అంకెలు తప్పు రాశాను. మీరు పెదాలు తెల్లబడ్డాయన్నప్పుడే సిస్టరుగారిని పిలవాల్సింది. పిలవలేదు. తప్పు నాదేనండి."

అత్తగారి చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "వాచీ లేకుండా ఎట్లా రాశావు?" అంది.

"కీర్తన చదువుకుంటూ."

"నా కోడలు పోయుంటే నీ కీర్తన తెచ్చిచ్చేదా?"

"లేదండి."

ఆవిడ తిట్టింది. మా పేటను తిట్టింది, ఆసుపత్రిని తిట్టింది. సిస్టరుగారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు, ఆపలేదు. ఆ ముసలమ్మకు ఊపిరి అందక ఆగాక, తిరుపతమ్మ మెల్లగా అంది. "అత్తయ్యా, చెప్పకపోతే మనకు తెలిసేది కాదుగా." దుప్పట్లోంచి చెయ్యి బయటకు పెట్టింది. "ఇప్పుడు చూడు. సరిగ్గా చూడు."

సిస్టరుగారు తన వాచీ విప్పి నా చేతికిచ్చారు. నా చెయ్యి వణుకుతోంది. కళ్లు మూసుకుని, నాకు భయంగా ఉంది, ఇది సరిగ్గా వస్తుందో లేదో నాకు తెలియదు అని దేవుడికి చెప్పాను. నేను దాచకుండా చేసిన మొదటి ప్రార్థన అదే. తర్వాత కీర్తన చదివాను. పరిగెత్తితే ఆపి, మొదటి నుంచి చదివాను. వణుకు పూర్తిగా పోలేదు గానీ వేళ్ల కింద నాడి తెలిసింది. అప్పుడు సెకన్ల ముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా ఆగి మొదలుపెట్టాను. తొంభై రెండు. సిస్టరుగారు వచ్చి తాను చూశారు. తొంభై రెండు. "రాయి" అన్నారు.

ఆ తర్వాత ఆసుపత్రి వాచీ ఒకటి నాకిచ్చారు. పొద్దున ప్రార్థనలో తడబడటం మాత్రం తగ్గలేదు. ఆవిడ "మళ్లీ" అనడమూ మానలేదు. వదిలెయ్ అని ఆవిడ ఎవరితోనూ అనరని అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. 1981లో ఆవిడ పని మానేసి నందిగామలో చెల్లెలి ఇంటికి చేరారు. 1984 మార్చిలో చివరిసారి చూడ్డానికి వెళ్లాను. మంచంలో ఉన్నారు. "ఇప్పటికీ భయమేనా?" అన్నారు. "భయమేనండి." "చెప్పుకుంటున్నావా?" "రోజూ చెప్పుకుంటున్నానండి." తల ఊపి అటు తిరిగి పడుకున్నారు.

ఆవిడ మానేశాక కొత్తపిల్లలకు పని నేర్పడం నాకు అప్పజెప్పారు. 1981 నుంచి 1989 వరకు నలభై మూడు మంది. వాచీ ఉందా అని నేను అడగలేదు. నీకు ఏం రాదమ్మా అని అడిగేదాన్ని. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయని ఒకతె, ఇంగ్లీషు రాదని ఒకతె, పెద్దవాళ్లతో మాట్లాడాలంటే గొంతు పెగలదని ఒకతె చెప్పేవాళ్లు. ముప్పై రెండు మంది ఏదో ఒకటి చెప్పారు. పదకొండు మంది మాత్రం అన్నీ వచ్చండి అన్నారు. వార్డులో నేను ఎక్కువసేపు నిలబడింది ఆ పదకొండు మంది పక్కనే.