కంప్యూటర్‌కు కుంకుమబొట్టు

కెమిస్ట్రీలో రీసెర్చ్ చేస్తాను. ఏ అణువు మందుగా పనికొస్తుందో కంప్యూటర్‌లో లెక్కలు కట్టి వెతకడం నా పని. పుంగనూరులో మా ఇంటి నుంచే పనిచేస్తున్న రోజులవి. ఆయుధ పూజ నాడు స్నానం చేసి వచ్చేసరికి, వారంగా నడుస్తున్న కంప్యూటర్ ఆగిపోయి ఉంది. తెర మీద కుంకుమబొట్టు, కీబోర్డు మీద నిమ్మకాయ!

“యాల ఆపినావు నాయనా? వారం లెక్కంతా పోయె!” అని అరిచాను.

“యాడికి పోతాది? ఈడే ఉండాది కదమ్మా! ఈ పొద్దు నాగలికే పని చెప్పం, దానికెందుకు?” అన్నాడు నాయన తాపీగా.

నాకు ఏడుపొక్కటే తక్కువ. అంతలో వంటింట్లోంచి అమ్మ కేక: “గ్రైండర్‌కూ బొట్టు పెట్టేసినాం. వడల పిండి రోట్లో రుబ్బుదువు రామ్మా!”

ఆ పండగ నాడు మా ఇంట్లో సెలవు దొరకని పనిముట్టు నేనొక్కదాన్నే!