ఆమెను ఎవరు పైకి లాగారు?

జిన్నులు, దయ్యాల మాటంటే నాకు మొదటినుంచీ ఎగతాళే. కువైట్‌లోని జహ్రాలో మా పక్కింటి డ్రైవర్‌ది కూడా మా రాయచోటే. వాళ్ల మిద్దె మీద నీళ్ల ట్యాంకు దగ్గర జిన్ను ఉందని సాయంత్రమైతే పైకి పోడు. "ఈ దేశంలో ఉండడానికి దానికి ఇఖామా కార్డు ఉందేమో కనుక్కో, లేకుంటే పోలీసులకు పట్టిద్దాం" అని ఆటపట్టించేవాణ్ని. పన్నెండేళ్లుగా ఇక్కడ ఒకే ఇంట్లో డ్రైవర్‌గా ఉన్నాను. వేళకు నమాజు చేసుకుని, బండిలో ఇంజనాయిల్ చూసుకుంటే మనిషికి ఏ భయమూ అక్కర్లేదని నా నమ్మకం. ఇది చదివి, వీడు ముందునుంచే పిరికివాడు అనుకోకూడదని ఇదంతా చెబుతున్నాను.

అది జనవరిలో ఒక శుక్రవారం పొద్దున. మా ఇంటి యజమానురాలిని అందరం మామా అంటాం. ఆమె ఐదేళ్ల కొడుకు సాలెంను తీసుకుని ఫైలకా దీవికి బయలుదేరింది. సామాన్లు మోయడానికి, పిల్లవాణ్ని కనిపెట్టుకుని ఉండడానికి నన్నూ రమ్మంది. సాలెం పుట్టి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది నా బండిలోనే. ఎక్కడికి పోయినా నా చెయ్యి వదలడు. వాడికి తెలుగు ఒక్క ముక్క రాదు. మా మాటలన్నీ అరబ్బీలోనే.

పడవలో ముప్పై మంది దాకా ఉన్నాం. మామా వెనక ఆడవాళ్ల దగ్గర కూర్చుంది. సాలెం పక్షుల్ని చూస్తానంటే వాణ్ని ముందు కొసకు తీసుకెళ్లాను. సగం దూరం పోయాక మధ్యలో ఇంజన్ ఉన్నచోట పొగ లేచింది. మొదట డీజిల్ పొగే అనుకున్నాను. చూస్తుండగానే అది నల్లగా కమ్మేసి, లోపల మంట కనిపించింది. వెనక ఉన్నవాళ్లను పడవ సిబ్బంది గాలి నింపిన రబ్బరు పడవలోకి దించుతున్నారు. మామా సాలెం పేరు పెట్టి అరవడం వినబడుతోంది. మధ్యలో మంట. మేము అటు పోలేం.

బెంచీ కింద ఒక్కటే లైఫ్ జాకెట్ దొరికింది. పెద్దవాళ్లది. సాలెంకు తొడిగితే గడ్డం దాకా వచ్చింది. నాకేం, నేను ఈతగాణ్ని అనుకున్నాను. చిన్నప్పుడు వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టుకుని మా చేని బావిలో ఈత నేర్చినవాణ్ని. బావి గట్టు మీద చేసినట్టే స్వెట్టరు, చొక్కా, బూట్లు విప్పి పారేశాను. అది ఎంత పెద్ద తప్పో నీళ్లలో పడ్డాక తెలిసింది.

కువైట్ అంటే ఎండలే అనుకునేవాళ్లు జనవరిలో ఆ నీళ్లలో వేలు పెట్టి చూడాలి. దూకగానే ఊపిరి నా మాట వినలేదు. దానంతటదే లోపలికి లాక్కుంది, దాంతోపాటు ఉప్పునీళ్లూ పోయాయి. ఎవరిదో ప్లాస్టిక్ ఐసుపెట్టె తేలుతుంటే ఒక చేత్తో పట్టుకున్నాను. రెండో చేత్తో సాలెంను పట్టుకున్నాను. వాడు నా మెడ చుట్టూ చేతులు వేసి కరుచుకుపోయాడు. దూరంగా ఒడ్డున సాల్మియా మేడలు వీధి చివర ఉన్నంత దగ్గరగా కనిపించాయి. ఈదుకుంటూ పోదామని కాళ్లు ఆడించాను.

"ఈదాకునా" అని వెనకనుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

అన్నా అనడానికి 'నా' అనే అచ్చం మా కడప వైపు మాట. తల తిప్పి చూశాను. నలభై ఏళ్లుంటాయి, నుదుటికి అతుక్కున్న జుట్టు, మెడలో పచ్చ చున్నీ. ఎవరింట్లోనో పనిచేస్తూ వాళ్లతోపాటు వచ్చిందనుకున్నాను.

"ఈదితే ఒంట్లో ఉండే వేడంతా నీళ్లకు పోతాది. కాళ్లు ముడుచుకో. బిడ్డను గుండెకానించుకో. పడవొచ్చేదాకా ఊరికే ఉండు."

ఆమె చెప్పినట్టే చేశాను. నా నడుం చుట్టూ, సాలెం చుట్టూ ఏదో తిప్పి వెనక బిగించడం తెలిసింది. "నువ్వూ ఈ పెట్టె పట్టుకోమ్మా" అన్నాను. "నాకేం పర్వాలేదులేనా" అంది. కళ్లు మూతలు పడినప్పుడల్లా "నిద్రపోవాకు" అని వెనకనుంచి గట్టిగా అనేది. ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను.

కోస్ట్ గార్డ్ వాళ్లు మమ్మల్ని పైకి లాగాక నాకు ఆమె గుర్తొచ్చింది. ఇంకొక ఆడమనిషి ఉందని అరిచాను. వాళ్లు చాలాసేపు ఆ చుట్టుపక్కలంతా వెతికారు. పడవ సిబ్బంది పేర్లు పిలిచి సరిచూశారు. ఎక్కినవాళ్లందరూ బతికే ఉన్నారు. వాళ్లలో తెలుగు మనిషిని నేనొక్కణ్నే.

సాలెంను, నన్ను కలిపి కట్టింది పచ్చ చున్నీ. ముడి నా వీపు వెనక ఉంది. విప్పడం చేతకాక కత్తిరించారు. నా రెండు చేతులకూ అప్పుడు పని ఉంది, ఆ ముడి నేను వేసింది కాదు. ఆసుపత్రిలో మలయాళీ నర్సు సాలెంను తడిమి, నాతో హిందీలో "కాళ్లు ఐసులా ఉన్నాయి, చేతులు మాత్రం వెచ్చగా ఉన్నాయే" అంది. అంత చలిలో మనిషికి లేనివి ఉన్నట్టు తోస్తాయని, ఈదకపోవడం మాత్రం మంచిదైందని డాక్టరు చెప్పాడు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకుంటే మనసుకు తేలికగా ఉంటుంది కదా.

చున్నీ తనది కాదని మామా చెప్పింది. నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఈ సంగతి ఇక పిల్లవాడి ముందు ఎత్తొద్దు, ఖలాస్, అంది. ఎవరమూ ఎత్తలేదు.

వేసవి సెలవులయ్యాక సాలెంను బడికి తీసుకెళ్తున్నాను. సిగ్నల్ దగ్గర ఆగాం. వాడు వెనక సీట్లోంచి ఉన్నట్టుండి అడిగాడు.

"నీ వెనక ఉన్నామెకు లైఫ్ జాకెట్ లేదు కదా. నా వేళ్ల మీద ఊదుతూనే ఉంది. ఆమెను ఎవరు పైకి లాగారు?"

నా అరుపులు విని వాడు ఆమెను ఊహించుకున్నాడా అంటే, కావచ్చు. కానీ వాడి చేతులు నా మెడ వెనక ఉన్నాయి. అక్కడ ఏం జరిగిందో నేనే చూడలేదు. నర్సు అన్న మాట నేను ఎవరికీ చెప్పలేదు. వెనక బండ్లు హారన్లు కొడుతుంటే, వేరే పడవ వచ్చి తీసుకెళ్లిందని చెప్పాను. సరేనన్నట్టు "జైన్" అని వాడు కిటికీ వైపు తిరిగాడు. వాడితో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

జిన్నుల్ని ఇప్పటికీ నమ్మను. ఆమె ఎవరో మాత్రం ఎంత ఆలోచించినా తెలియడం లేదు. చున్నీ ముక్క నా పెట్టెలో ఉంది, ముడి అలాగే ఉంది. ఆ రోజు పైనున్నవాళ్లకు చెయ్యి అందించి, సాలెంతో సహా ఎక్కేశాను. వెనక్కి తిరిగి ఆమెకు చెయ్యి అందించాలని నాకు తోచనే లేదు.