టింగత్త మెసేజులు, పరుపుల కొట్టాయన చెయ్యి

టింగత్త పంపిన మెసేజు దెబ్బకి పరుపుల్లోంచి లేచిన దూది ఊరి మీద కమ్ముకుందనీ, పైన పోతున్న విమానమొకటి దాన్ని మబ్బనుకుని దారి తప్పిందనీ ఒక మాట ఉంది. విమానం సంగతి ఎవరూ తేల్చలేదు. దూది సంగతి మాత్రం నమ్మక తప్పదు. ఇప్పటికీ గట్టి వాన పడితే ఆ వీధి కాలవల్లో అడ్డం పడుతూనే ఉంటుంది.

టింగత్త బట్టలు కుడుతుంది. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, మిషను మీద దారపు రీళ్ల డబ్బా, డబ్బాకి ఆనించి ఫోను. నోట్లో ఎప్పుడూ గుప్పెడు గుండుసూదులు ఉంటాయి గనక మాట్లాడడం కుదరదు. లోపలి మాటలన్నీ ఫోన్లోకి పోస్తుంది. అదీ ఒక్కసారి కాదు. ఒక కుట్టు ఆపి ఇంకో కుట్టు మొదలెట్టే సందులో ఒక్క మాట కొట్టి పంపేస్తుంది. అవతల ఫోను టింగ్ అంటుంది. ఆ పేరు అలా వచ్చింది.

అవతల ఉండేది వాళ్లాయన, రొట్టెల వ్యాను డ్రైవరు. నోట్లో నాలుక లేని మనిషి. ప్రతి టింగుకీ "ఆ" అని తిరిగి కొట్టేవాడు.

"మా ఆయన నా మెసేజుని కింద పడనివ్వరు," అని కొలతలివ్వడానికొచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పేది టింగత్త. "మరి మీ ఆయనో?" అని అడిగేది కూడా, గుండుసూదులు తీసి మరీ. ఆ ప్రశ్న పడలేకే పక్కింటి వదిన రెడీమేడ్ బట్టలకి మళ్లింది.

ఒకరోజు కాలరు కుడుతుంటే, ఎవడో ఫోను చూసుకుంటూ బండిని మురిక్కాలవలో దింపాడని రేడియోలో చెప్పారు. టింగత్త కుట్టు సగంలో ఆపి ఫోను అందుకుంది. వెంటనే మొదలెట్టింది. "ఏమండీ." టింగ్. "బండి." టింగ్. "నడుపుతూ." టింగ్. "ఫోను." టింగ్.

"చూడకండి" అన్నది వెళ్లేలోపే వ్యాను పోయి పరుపుల కొట్టు ముందు పేర్చిన గుట్టలో దిగబడింది. గుట్ట పైన పడుకుని, పరుపు ఎంత మెత్తగా ఉందో గిరాకీకి చూపిస్తున్న కొట్టాయన జారి రోడ్డు మీద పడ్డాడు. చెయ్యి విరిగింది. రొట్టెలు దూదిలో, దూది రొట్టెల్లో. ఏది ఏదో తెలియక ఒక కుక్క సాయంత్రం దాకా దూది నమిలిందట.

కొట్టాయన కోర్టుకెక్కాడు. డ్రైవరు ఒక్కడి మీదే కాదు, టింగత్త మీద కూడా. అవతలి మనిషి బండి మీదున్నాడనీ, రాగానే చూస్తాడనీ తెలిసి కూడా మెసేజు పంపితే, పంపినామె చెయ్యి కూడా స్టీరింగు మీద ఉన్నట్టేనని ఆయన లాయరు వాదన.

టింగత్త లాయరు కుర్రాడు. వచ్చి గుడ్డముక్కల మధ్య జాగా చేసుకుని కూర్చున్నాడు.

"బండి నడుపుతున్నారని తెలీదనలేం అత్తయ్యా. మెసేజులో మీరే రాశారు. ఒక్కటే దారి. ఆయన మీ మెసేజులు వెంటనే చూడరు, అసలు పట్టించుకోరు అని చెప్పండి. బయటపడతారు."

"పట్టించుకోరు అనాలా?"

"అవును."

"అందరి ముందూనా?"

"కోర్టు కదండీ."

"పోనీ శిక్ష ఏమాత్రం ఉంటుందో కనుక్కో బాబూ," అంది టింగత్త.

వాళ్లాయన అన్నం కలుపుకుంటూ ధైర్యం చెప్పాడు. "చెప్పేయ్. నేనేం అనుకోను."

"అంటే నిజంగానే పట్టించుకోరా?"

"పట్టించుకుంటా."

"మరి ఎలా చెప్పమంటారు?"

ఆయన ముద్ద దింపి "ఆ" అన్నాడు.

కోర్టులో వీధి మొత్తం దిగింది. మెట్ల మీద జనం, కిటికీలకి జనం, పంకా రెక్కలకి కూడా వేలాడారని చెప్పేవాళ్లున్నారు. ముందు బెంచీలో పక్కింటి వదిన, రెడీమేడ్ గౌనులో.

జడ్జిగారు కళ్లజోడు సర్దుకుని అడిగారు. "మీ మెసేజు రాగానే మీ భర్త చూస్తారా?"

లాయరు కుర్రాడు అడ్డంగా తలూపాడు, మెడ పట్టేసేలా. టింగత్త వదిన వైపు చూసింది. వదిన చెవి ముందుకు చాపి కూర్చుంది.

"చూస్తారండీ," అంది టింగత్త.

"బండి నడుపుతున్నా కూడా?"

"అప్పుడైతే ఇంకా తొందరగా చూస్తారు. నేను కంగారు పడతానని."

లాయరు ఫైలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. జడ్జిగారు డ్రైవరు వైపు తిరిగారు. "నిజమేనా?"

"ఆ," అన్నాడాయన.

తీర్పు ఇద్దరి మీదా పడింది. చూసినందుకు ఆయనది పెద్ద తప్పు, చూస్తాడని తెలిసి పంపినందుకు ఆమెదీ తప్పే. కొట్టాయన వైద్యం ఖర్చు డ్రైవరు పెట్టుకోవాలి. ఆ చెయ్యి అతికేదాకా కొట్టులో పరుపులకి తొడిగే గలేబులన్నీ ఈమె కుట్టి ఇవ్వాలి. టింగత్త మెట్లు దిగిన తీరు చూస్తే ఓడిన మనిషని ఎవరూ అనుకోరు. వదిన మాత్రం ఇంటిదారంతా తన మొగుడితో మాట్లాడలేదు.

మొన్న వదిన పనిగట్టుకుని వచ్చి ఆ కథ ఎత్తింది. టింగత్త గలేబు పక్కన పెట్టి, గుండుసూదులు ఒక్కొక్కటే తీసింది.

"కోర్టా? ఎవరి కోర్టు? ఆ పరుపులు గాలికి పడ్డాయి. కొట్టాయన చెయ్యి స్నానాలగదిలో విరిగింది. మెసేజు పంపడానికి నాకు ఫోను నొక్కడం వస్తేగా. అంతా పుట్టించారు."

"అయితే మీ ఆయన మీ మెసేజు చూసిందీ లేదన్నమాట," అంది వదిన.

టింగత్త గలేబు మళ్లీ మిషను మీదికి లాక్కుంది. తర్వాత గుండుసూదులన్నీ మళ్లీ నోట్లో పెట్టుకుంది.