చుక్క వేయని స్లైడు

ఆస్పత్రి ల్యాబులో ఆవిడని అందరూ స్లైడక్క అనేవారు. పెళ్లయి వచ్చేనాటికి మరిది నిక్కర్లేసుకుని బడికెళ్లే పిల్లాడు. అత్తగారు పోయాక వాడికి గోళ్లు తీసింది, లెక్కలు చెప్పింది, నాలుగు తగిలించింది కూడా. ఇప్పుడు వాడు మొక్కల నర్సరీలో పనిచేస్తున్నాడు. భర్త బస్సు డ్రైవరు. ఇంటిపట్టున ఉండేది తక్కువ.

ఆవిడ పని క్రోమోజోములు చూడటం. రక్తకణాలను సీసాలో పెంచి, అవి రెండుగా చీలే వేళకి కాల్చిసిన్ అనే మందు ఒక చుక్క వేస్తుంది. కణంలో మైక్రోట్యూబ్యూల్స్ అని కంటికి ఆనని గొట్టాలుంటాయి. చిన్న ప్రోటీన్ ముక్కలు వరసగా అతుక్కుంటుంటే గొట్టం సాగుతుంది; ఉన్నట్టుండి ముక్కలు ఊడి కూలిపోతుంది; మళ్లీ మొలుస్తుంది. క్రోమోజోములను చెరో పక్కకీ లాగేవి ఈ గొట్టాలే. మందు ఆ ముక్కలను పట్టేసుకుని అతుక్కోనివ్వదు. లాగే దిక్కులేక కణం సగంలో కొయ్యబారిపోతుంది. అలా ఆగిన కణాల్లోనే క్రోమోజోములు విడివిడిగా కనిపిస్తాయి; స్లైడక్కకి కావలసినవి అవే.

ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి మరిది బాత్రూమ్ గుమ్మంలో చతికిలబడి ఉన్నాడు. ఒకటే వాంతులు.

"ఏం తిన్నావు?"

"కుండీలు మారుస్తుంటే దుంపలు దొరికాయి వదినా. చిలగడదుంపలే అనుకుని తెచ్చి ఉడకబెట్టా. కాస్త చేదు. నీ వంటకన్నా నయమేలే అని లాగించేశా."

చీవాట్లు పెడుతూనే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగించింది. మర్నాటికి తెరిపినపడ్డాడు. టీ కావాలన్నాడు, రెండో కప్పు కూడా అడిగాడు.

గిన్నె తోమబోతే అడుగున మిగిలిన దుంప కనిపించింది. పంగలకర్రలా రెండు పాయలు. చిలగడదుంప ఇలా ఉండదే! నర్సరీ యజమానికి ఫోన్ చేసింది.

"అయ్యయ్యో, అది అగ్నిశిఖ దుంపమ్మా! మంటల్లాంటి పూలు పూస్తుంది. విషం. కాల్చిసిన్ తీసేది దాన్నుంచే."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. చెయ్యి తుడుచుకోకుండానే గదిలోకొచ్చింది.

"లే. ఆస్పత్రికి పోదాం."

"తగ్గిపోయిందిగా వదినా!"

"తగ్గలేదు."

పేగుల లోపొర, రక్తం, జుట్టు కుదుళ్లు... ఇవన్నీ ఎప్పటికప్పుడు కొత్త కణాలతో నడిచేవి. పాతవి ఇంకా పనిచేస్తున్నాయి కాబట్టి వీడు నవ్వుతున్నాడు. అవి అయిపోతే వెనక నుంచి వచ్చేవి లేవు. ఆటోలో దారి పొడవునా వాడు వేళాకోళమాడుతూనే ఉన్నాడు. ఆవిడ చెవికి ఒక్కటీ ఎక్కలేదు.

"విరుగుడు లేదమ్మా," అంది డాక్టరమ్మ. "విషం దిగేదాకా మనిషిని నిలబెట్టుకోవడమే."

ఆ పైరోజు జ్వరం కాసింది. చిగుళ్ల నుంచి రక్తం. తెల్లకణాలు అడుగంటాయి. వాడికి మాట్లాడే ఓపిక కూడా పోయింది. ఎముక మజ్జ తీసి ల్యాబుకి పంపారు.

"నువ్వు చూడకమ్మా," అంది డాక్టరమ్మ.

"చూడకపోతే ఊహించుకుంటానండీ. అది ఇంకా ఘోరం."

మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. ఎక్కడ చూసినా సగంలో ఆగిన కణాలే. అటూ ఇటూ పోలేక గుమిగూడిన క్రోమోజోములు. ఏళ్ల తరబడి చూస్తున్న దృశ్యమే. కానీ ఈ స్లైడుకి ఎవరూ చుక్క వేయలేదు. లేచి సింకు దగ్గర చేతులు కడుక్కుంది. తుడుచుకుని మళ్లీ కడుక్కుంది.

భర్త డ్యూటీ బట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఏమంటున్నారు?"

"అవి మళ్లీ కదలాలి," అంది.

కదిలాయి. జ్వరం దిగింది, తెల్లకణాలు మెల్లగా లేచాయి. అంతా హమ్మయ్య అనుకుంటుండగా దిండు నిండా జుట్టు ఊడిపడింది. వాడు ఆ కుచ్చు చేత్తో పట్టుకుని, "వదినా, ఇంకా ఏమేం ఊడతాయి?" అన్నాడు. ఈసారి వేళాకోళం కాదు. ఆవిడ దుప్పటి దులిపింది.

ప్రాణం దక్కింది. ఇంటికొచ్చాడు, జుట్టు మళ్లీ నూగులా మొలిచింది, పనిలో కూడా చేరాడు. పాదాలు మొద్దుబారినట్టున్నాయని అంటుండేవాడు. నరాల్లో సరుకు నడిచేదీ ఆ గొట్టాల మీదుగానే అని ఆవిడకి తెలుసు. రోజులు గడిస్తే సర్దుకుంటుందని డాక్టరమ్మ అంది.

ఒక ఆదివారం వంటింటి నుంచి హాల్లోకి వస్తూ నేల చూసింది. గుమ్మం నుంచి కుర్చీదాకా ఎర్రటి అడుగులు. వాడి అరికాల్లో వేలెడు గాజుపెంకు దిగి ఉంది. వాడు టీవీ చూస్తూ నవ్వుతున్నాడు.