సమానత్వానికి మూడు వందల టీలు

మా యేసురత్నమక్క ఏ పనికైనా ముందు లక్ష్యం అడుగుతుంది. ఆ లక్ష్యం అంకెల్లో చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పని జరిగినా జరగనట్టే. ఒకసారి పెండ్లిలో అక్షింతలు వేస్తూ పెండ్లికొడుకును పట్టుకుంది.

“నీ లక్ష్యం ఏందప్పా?”

“ఏముందమ్మా, బాగా కాపురం చేసేదే.”

“అట్లంటే నంద్యాలలో ఒప్పుకోరు. ఎన్నేండ్లు చేస్తావో చెప్పు.”

ఈ పిచ్చి ఆమెకు నంద్యాలలోనే అంటుకుంది. ఆళ్లగడ్డలో మా ఆడవాళ్లకు ఒక సమానత్వ సంఘం ఉంది. అక్క అధ్యక్షురాలు, నేను ఒక సభ్యురాలిని. కులమతాలు చూడకుండా మనుషుల్ని కలిపే సంఘాలకు సర్కారు గ్రాంటు ఇస్తుందని విని, అక్క నంద్యాల ఆఫీసుకు దరఖాస్తు తీసుకుపోయింది. లక్ష్యం గడిలో ‘అందరూ సమానంగా ఉండటం’ అని రాసింది. అక్కడి సారు చదివి వెనక్కి నెట్టాడు.

“ఇది కోరికమ్మా, లక్ష్యం కాదు. కొలిచేదానికి రావల్ల. ఏడాదికి ఎంత సమానత్వం తెస్తారు?”

బస్సు ఆళ్లగడ్డ చేరేలోపల అక్క అంకె తేల్చేసింది. ఏడాదికి మూడు వందల టీలు. ఒక కులం మనిషి ఇంకో కులం ఇంట్లోనో, ఇంకో మతం ఇంట్లోనో తాగాలి. అదీ ఆ ఇంటివాళ్లు తాగే గ్లాసులోనే.

మొదట పద్మమ్మ ఇంటికి పోయింది. వాళ్లు భూములున్నవాళ్లు. వేరే కులాలవాళ్ల కోసం అరుగు గోడ మీద ఒక గ్లాసు వేరుగా ఉంటుంది.

“పద్మమ్మా, ఈ గ్లాసు యాడిది?”

“మాదే.”

“మీదేలే. వంటింటిదా, గోడ మీదిదా?”

పద్మమ్మ కళ్లు గోడ మీదికి పోయాయి. అక్క టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, నోటుబుక్కులో సున్న వేసింది. “టీ బాగుందమ్మా. లెక్కకే రాలే.” అట్లా పదకొండు రోజులు, పదకొండు సున్నలు. పన్నెండో రోజు పద్మమ్మకే విసుగొచ్చింది. “నీ సున్నలు తగలెయ్య! ఇదిగో, మా ఆయన గ్లాసే తెచ్చినా, తాగు!”

ఆ ఏడే మా ఆయన కరీముల్లా పోయాడు. విగ్రహాలకు రాళ్లు కోసేవాడు. ఇరవై ఏండ్ల దుమ్ము రొమ్ములో పేరుకుంది. మూడు రోజులు ఇరుగుపొరుగు వాళ్లు అన్నం పంపారు. నాలుగో రోజు నుంచి నేను పొయ్యి ముట్టించలేదు. మొగుడు పోతే మాలో పాటించే ఇద్దత్ కాబట్టి నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. నాకు మంచం దాటాలని కూడా లేదు. ఆడబిడ్డ పెట్టిన అన్నం కోళ్లకు వేసేదాన్ని. జాకెట్టు భుజాల మీద నిలవడం మానేసింది.

అక్క వచ్చింది. పట్టుకుని ఏడుస్తుందేమో అనుకున్నాను. నోటుబుక్కు తెరిచింది.

“మస్తాన్‌బీ, మీ ఇంటి టీలు వెనకబడినాయి.”

“అక్కా, నా మొగుడు సచ్చిపోయినాడు.”

“నాకు తెలుసు మే. సర్కారుకు తెలీదు కదా. గ్రాంటు పోతాది, పొయ్యి ముట్టించు.”

మా ఆడబిడ్డ మండిపడింది. “సావింట్లో టీ అడుగుతాండావే, సిగ్గుందా నీకు?”

“సిగ్గుకు దరఖాస్తులో గడి లేదమ్మా.”

అక్కను పంపించేయడానికే లేచి టీ పెట్టాను. ఆమె తాగలేదు.

“నేనొక్కదాన్నే తాగితే సమానత్వం యాడుంది? నువ్వూ తాగు.”

మరుసటి రోజు మళ్లీ వచ్చింది. ఆ మరుసటి రోజూ వచ్చింది. రెండో నెలలో కొత్త రూలు పెట్టింది: ఒట్టి టీ అయితే సగం, ఇద్దరూ రొట్టె కూడా తింటే ఒకటి. సర్కారును తిట్టుకుంటూ పిండి పిసికేదాన్ని. తిట్టుకుంటూనే తినేదాన్ని.

ఇద్దత్ అయిపోయింది. వితంతు పింఛను కాగితాల కోసం నంద్యాల పోయాను. ఇన్ని టీలు పెట్టినదాన్ని, గ్రాంటు ఎంతవరకు వచ్చిందో అడుగుదామని ఆ ఆఫీసుకూ పోయాను. సారు రికార్డు తిరగేశాడు.

“మీ దరఖాస్తు కొట్టేసినాం కదమ్మా. టీలు లక్ష్యాల కిందికి రావు. కాగితం పంపి ఆరు నెలలయింది.”

ఆరు నెలల కింద మా ఆయన ఇంకా దగ్గుతూ ఉన్నాడు.

బస్సు దిగి నేరుగా అక్క ఇంటికి పోయాను. “గ్రాంటు ఎప్పుడో పోయిందంట కదా! మరి మా ఇంట్లో నూటిరవై టీలు ఏ లెక్కకు తాగితివి?”

జన్మలో మొదటిసారి అక్కకు అంకె దొరకలేదు. బీరువా తెరిచింది, మూసింది. చివరికి గొణిగింది.

“నీ టీలో చక్కెర జాస్తి మే. నాకు షుగరుండాది. డాక్టరు దినామూ తిడతాండాడు.”

“షుగరుంటే ఎందుకు తాగితివి?”

“నువ్వు తాగల్ల కదా మరి.”

మరుసటి రోజు, ఆమె ఇంకా వీధి మొదట్లో ఉండగానే పొయ్యి ముట్టించాను. ఆమె గ్లాసులో చక్కెర వేయలేదు. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

“ఇది తాగడం సమానత్వం కాదు మే, శిక్ష,” అని రొట్టె కోసం చెయ్యి చాపింది.