గోడ నీడ ఎరిగినవాడు

మార్గళి మాసం, అంటే ధనుర్మాసం. మంగళవారం. తెల్లవారి అయిదున్నరకు తుడియలూరులో టౌన్ బస్సెక్కాను. మధురై దగ్గరి ఒక జైల్లో పన్నెండుమంది ఖైదీలకు ఆరు నెలలుగా నేను సోలార్ పంపులు బిగించడం, బాగుచేయడం నేర్పుతున్నాను. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి వాళ్ల చివరి పరీక్ష. వాళ్లు బిగించిన పంపు జైలు నర్సరీ తొట్టికి గంటసేపు ఆగకుండా నీళ్లు పోయాలి. పోస్తే అందరికీ సర్టిఫికెట్లు. లేకపోతే ఎవరికీ లేవు.

మా తాతగారిది తుడియలూరులో పంపుల ఫౌండ్రీ. మూడు తరాలు నడిచి నా చేతుల్లో ఆగిపోయింది. ఇప్పుడది ఎవరిదో గోడౌను. బస్సు దాని ముందు నుంచే వెళుతుంది. నేను తల తిప్పుకోను, ఎవరి జాలీ కోరను. ఫౌండ్రీ వేలానికి పోయింది గాని, పంపుల గురించి నాకు తెలిసినదాన్ని ఎవరూ వేలం వేయలేదు.

ఆరింటికి గాంధీపురంలో దిగాను. కొత్తవారు గమనించాలి: మధురై బస్సు ఇక్కడ కాదు, సింగానల్లూరు స్టాండులో దొరుకుతుంది. అక్కడికి మరో టౌన్ బస్సు పట్టాలి. ఏడింటికి కాస్త ముందు మధురై బస్సు కదిలింది. పల్లడంలో ఎక్కిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుని, నా ఒళ్లోని వైరు చుట్టను చూసింది.

"ఏమింగా, కరెంటు పనికా పొయ్యేది?"

"జైలుకు" అన్నాను.

ఆవిడ సంచీ దగ్గరికి లాక్కుంది. పాఠం చెప్పడానికని వివరించాక ఊపిరి పీల్చుకుంది. "అదే అనుకునినా. ఇస్త్రీ చొక్కాయ వేసుకోని జైలుకు పొయ్యేది మంత్రులే కదా!"

వెనక సీట్లవాళ్లు పగలబడి నవ్వారు. ధారాపురం వచ్చేవరకు నేను కిటికీలోంచే చూశాను.

తొమ్మిదిన్నరకు ఒట్టన్‌చత్రం. బస్సు పది నిమిషాలు ఆగింది. టొమాటో పెట్టెలు, మునక్కాయల కట్టలు దాటుకుని తిరుమలసామి రెండు టీలతో వచ్చాడు. మా తెలుగువాడే. మార్కెట్లో కుళ్లిన కూరగాయలతో గ్యాసూ ఎరువూ తీస్తాడు, చుట్టుపక్కల రైతులకు సోలార్ పంపులు పెడతాడు. నా శిష్యుల్లో ఒకడైన పెరుమాళ్‌సామికి పని ఇవ్వమని ఆ ముందు వారం అతనికి ఫోన్ చేశాను. ఒకరిని ఏదైనా అడగడం నాకదే మొదటిసారి.

"అన్నా, మీ మాట మీద నాకు నమ్మకమే. ఆనా నాతో వాటా ఉండే కూట్టాళీలు ఒప్పుకోవద్దా? జైలు మనిషంటే కాగితం అడగతారు. కాగితం తెచ్చినాడంటే పొంగలి అయినాక, తై నెలలో పనికి రమ్మనండ."

"తేకపోతే?"

"నన్ను మళ్లా అడగబాకండ, అన్నా. లేదనేదానికి నాకు సిగ్గుగా ఉంటాది."

పెరుమాళ్‌సామిది సాత్తూరు వైపు నల్లరేగడి ఊరు. గట్టు తగాదాలో ఒక మనిషి ప్రాణం పోతే తొమ్మిదేళ్ల కింద లోపలికి వచ్చాడు. ఆ నెలాఖరుకు విడుదల. అతని వంతు చేను కూడా దాయాదులు అమ్ముకున్నారు. బయటికొస్తే అతను వెళ్లగలిగిన చోటు ఒట్టన్‌చత్రం ఒక్కటే.

పన్నెండుంబావుకు మధురై ఆరప్పాళయం స్టాండులో దిగి, ఎదుటి మెస్సులో భోంచేశాను. పులుసు బాగుంది, అన్నం వేడిగా ఉంది. ఆటోలో ఒంటిగంటన్నరకు జైలు గేటు. ఫోన్ అక్కడే ఇచ్చేయాలి. సంచీ మొత్తం కుమ్మరించి చూస్తారు. విసుక్కోకండి.

లోపల నర్సరీలో వేప, కానుగ మొక్కలు సంచుల్లో బారులు తీరి ఉన్నాయి. వంటశాల తొక్కలన్నీ ఎరువు గుంతలకు వస్తాయి. బావి నీటిమట్టాన్ని నెలనెలా రాసిపెట్టే పలక ఒకటి ఉంది. దాని ముందు పెరుమాళ్‌సామి కొత్తగా వచ్చిన ఒకతన్ని కసురుతున్నాడు. "ఎండ ఊరికే వస్తాదని నీళ్లూ ఊరికే వస్తాయా? తొట్టి నిండినాక ఆపేసెయ్!"

రెండింటికి స్విచ్ వేశారు. నీళ్లు గొట్టం నిండా దూకాయి. పరీక్షాధికారిణి గడియారం చూసుకుంది. రెండున్నరకు ధార సన్నబడింది. ఇంకో పది నిమిషాలకు పూర్తిగా ఆగిపోయింది. దక్షిణపు గోడ నీడ ప్యానెళ్ల కింది వరస మీద పడి ఉంది.

"ఈ చోటు ఎంచిందెవరు?" అని ఆమె తమిళంలో అడిగింది.

పన్నెండుమందీ నేల చూశారు. పక్కనున్న జైలు ఉద్యోగి నా చెవిలో అన్నాడు: "బిగించింది వాళ్లే కదా సార్. బిగింపులో లోపమని రాసేస్తే మీ పేరు రాదు."

ఆడి మాసంలో, అంటే జూలై చివర, నేను ఆ చోటు చూపించినప్పుడే పెరుమాళ్‌సామి చెప్పాడు. "అయ్యా, ఈ తావు వద్దు. ఇప్పుడు గోడ నిళలు బయటికి పడతా ఉండాది. మార్గళిలో లోపలికి వస్తాది. తొమ్మిదేండ్లుగా చూస్తా ఉండాను." నిళలంటే నీడ. నేనేమన్నానో నాకు బాగా గుర్తు. "పంపుల సంగతి మా ఇంటివాళ్లకే నేర్పుతావా?" వైరు పొట్టిగా ఉండాలి, మోటారు కళ్లెదుట ఉండాలి. అది మా ఫౌండ్రీ సూత్రం. అందుకే బావి పక్కనే, గోడకు పదిహేను అడుగుల్లో పెట్టించాను. ప్రతి నెలా రాత్రి బస్సులో మధురై చేరి, పదింటికి వచ్చి పన్నెండున్నరకు వెళ్లిపోయే నాకు మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ కనబడలేదు. మూడు తరాలుగా మేము నీటి దారి చూశాం. ఎండ దారి చూడలేదు.

"మళ్లీ ఎందుకు గుర్తు చేయలేదు?" అని పెరుమాళ్‌సామిని అడిగాను.

"ఒగ తూరి చెప్పినా కదయ్యా. రెండోతూరి చెప్తే మీకు మర్యాదగా ఉండదు."

కాగితం తీసుకుని నిలబడే రాశాను: 'చోటు తప్పు. ఎంచింది నేను. శిక్షణ పొందుతున్న పెరుమాళ్‌సామి ముందే హెచ్చరించాడు. నేను వినలేదు.' కింద ఇంటిపేరుతో సహా సంతకం చేశాను. ఆమె రెండుసార్లు చదివి, ప్యానెళ్లు ఎక్కడుండాలో చూపమని పెరుమాళ్‌సామిని అడిగింది. అతను ఎరువు గుంతలు దాటి, గోడకు నలభై అడుగుల దూరాన మడమతో గీత గీశాడు.

"ఈడ నాలుగున్నర దాకా నిళలు రాదమ్మా."

"రేపు రెండింటికి మళ్లీ చూస్తాను" అంది ఆమె.

ఆ రాత్రికి ఆరప్పాళయం దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. దుప్పటి శుభ్రం, వేణ్ణీళ్లు లేవు. మర్నాడు ఎనిమిదింటికే జైల్లో ఉన్నాను. ఆ రోజు మేస్త్రీ పెరుమాళ్‌సామి, నేను కూలీని.

"ఆ కొస ఎత్తండయ్యా. ఇంకొంచెం. గట్టిగా పట్టుకోండ, కాలి మీద వేసుకుంటారు!"

ఒంటిగంటన్నరకు ఆఖరి బోల్టు బిగిసింది. రెండు నుంచి మూడు దాకా ధార సన్నబడలేదు. పన్నెండుమందీ పాసయ్యారు. తర్వాత పరీక్షాధికారిణి నన్ను పక్కకు పిలిచి, వచ్చే బ్యాచికి వేరే శిక్షకుణ్ణి పంపుతామని, ఇష్టముంటే అతని కింద సహాయకుడిగా రావచ్చని చెప్పింది. వస్తానన్నాను.

నాలుగూముప్పావు బస్సులో తిరుగు ప్రయాణం. దిండిగల్లు వరకు నిలబడే వచ్చాను. ఈ పనికి వెళ్లదలచినవారికి ఒక్కటే చెప్పగలను. పదింటికి వచ్చి పన్నెండున్నరకు పోయే మనిషికి ఏ చోటైనా సగమే తెలుస్తుంది. వెళితే ఒక పొద్దంతా ఉండండి. అక్కడే ఉండేవాళ్లను అడగండి.

ఏడు దాటాక ఒట్టన్‌చత్రం. కేరళ లారీలకు మూటలు ఎక్కిస్తున్నారు. తిరుమలసామి కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమాయె, అన్నా?"

"అతను పాసయ్యాడు. ఫెయిలైంది నేను."

"మీ నోట్లోనించా ఈ మాట!"

"తై నెలలో పనిలోకి తీసుకో. ప్యానెల్ ఫలానా చోట వద్దని అతనంటే," బస్సు కదులుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా చెప్పాను, "ఒక్కసారే చెబుతాడు. విను."